ఆంచెలొట్టి: స్టార్లు దొరికిన అదృష్టవంతుడా, నిజంగా గొప్ప కోచా?

పచ్చగడ్డి | 11 జూన్ 2025, ఉదయం 9:12

తెల్లవారుజామునే లేచి బ్రెజిల్, పరాగ్వే మ్యాచ్ చూశాను. 1-0, వినీసియస్ గోల్. వరల్డ్ కప్ బెర్త్ ఖాయమైంది, నిన్న బ్రెజిల్ కొత్త కోచ్ ఆంచెలొట్టి పుట్టినరోజు కూడా అట. బాగానే ఉంది. కానీ అంతకుముందు ఈక్వడార్‌తో 0-0. రెండు మ్యాచ్‌లు కలిపి ఒక్క గోల్!

నా అనుమానం సూటిగా అడిగేస్తున్నా, సీనియర్లు తిట్టకండి. ఈయన ఎక్కడికెళ్తే అక్కడ మాల్దీనీ, కాకా, రొనాల్డో, బెంజెమా లాంటివాళ్లు దొరికారు. గ్వార్డియోలా అంటే పాసింగ్, క్లోప్ అంటే ప్రెసింగ్. మరి ఆంచెలొట్టి అంటే ఏంటి? పైకి లేచే కనుబొమ్మేనా? ఆటగాడిగా కూడా ఏదో ఆడాడని విన్నాను, వివరాలు తెలియవు.

రిజర్వ్ బెంచ్ | ఉదయం 9:20

ఎడమ కనుబొమ్మ. కుడిది కాదు. ఏ చర్చలోనైనా ఫ్యాక్ట్స్ ముఖ్యం.

శాన్‌సిరో సుబ్బు | ఉదయం 10:05

"ఏదో ఆడాడు" అట! కూర్చో తమ్ముడూ, చెప్తాను.

1959లో ఉత్తర ఇటలీలోని రెజ్జోలోలో పుట్టాడు. పాడి రైతుల కుటుంబం, పర్మేజాన్ చీజ్ తయారయ్యే ప్రాంతం. ఇరవై నిండకముందే పార్మా సీనియర్ జట్టులో ఉన్నాడు. అప్పుడు పార్మా మూడో డివిజన్. కోచ్ ఎవరనుకున్నావ్? చెసారే మాల్దీనీ, మన పావలో వాళ్ల నాన్న. 1979లో పై డివిజన్‌కి వెళ్లే ప్లేఆఫ్ ట్రియెస్తీనాతో. మనవాడు రెండు గోల్స్ కొట్టి జట్టుని పైకి లాగాడు. ఆ వేసవిలోనే రోమా కొనేసింది.

రోమాలో కోచ్ స్వీడన్‌కి చెందిన నీల్స్ లీడ్‌హోమ్. ఎంత ఓడినా గొంతు పెంచని మనిషి. 1983లో రోమా ఛాంపియన్ అయింది, అంతకుముందు గెలిచింది 1942లో! మిడ్‌ఫీల్డ్‌లో ఫాల్కావో, పక్కన ఆంచెలొట్టి. ఇటలీ తరఫున మొదటి మ్యాచ్ 1981 జనవరిలో, మాంటెవిడియోలో, నెదర్లాండ్స్ మీద. ఏడో నిమిషంలోనే గోల్ కొట్టాడు. విచిత్రం ఏంటంటే మొత్తం 26 మ్యాచ్‌లు ఆడితే దేశం తరఫున కొట్టిన గోల్ అదొక్కటే.

ఇక మోకాళ్లు. 1981 చివర్లో ఒక మోకాలు పోయింది, దాంతో 1982 వరల్డ్ కప్ పోయింది. ఇటలీ గెలిచిన వరల్డ్ కప్ అది! 1983 డిసెంబర్‌లో రెండో మోకాలు. దాంతో 1984 యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) ఫైనల్ పోయింది. ఆ ఫైనల్ జరిగింది క్లబ్ సొంతూరు రోమ్‌లో, లివర్‌పూల్‌తో, పెనాల్టీల్లో ఓడారు. మనవాడు చూస్తూ కూర్చున్నాడు.

1987లో సాక్కి మిలాన్‌కి కోచ్‌గా వచ్చి ఆంచెలొట్టి కావాలన్నాడు. మోకాళ్లు చూసి క్లబ్ భయపడింది. సాక్కి పట్టుబట్టాడు. రైకార్డ్, డోనడోనీల పక్కన ఆడాడు. 1989 సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ని శాన్‌సిరోలో 5-0తో చితక్కొట్టిన మ్యాచ్ వెతికి చూడు. మొదటి గోల్ చాలా దూరం నుంచి కొట్టింది ఇతనే. 1989, 1990 వరుసగా రెండు యూరోపియన్ కప్‌లు. 1992లో శాన్‌సిరోలో చివరి మ్యాచ్‌లో బెంచ్ మీది నుంచి వచ్చి వెరోనా మీద రెండు గోల్స్ కొట్టి రిటైరయ్యాడు.

కోచింగ్ సంగతి తర్వాత రాస్తాను, ఆఫీసులో బాస్ చూస్తున్నాడు.

మర్సీసైడ్ మధు | ఉదయం 11:31

సుబ్బు అన్న రాసిందంతా కరెక్టే. మంచి ప్లేయర్, ఎవరూ కాదనరు. కానీ అడిగింది కోచ్ గురించి కదా. మిలాన్‌లో ఎనిమిదేళ్లు ఉండి గెలిచిన లీగ్ ఎన్ని? ఒకటి. 2004. ఆ జట్టు చూస్తే ఏ కోచ్‌కైనా నోరూరుతుంది: నెస్తా, మాల్దీనీ, కాఫు, పిర్లో, సేడోర్ఫ్, కాకా, షెవ్‌చెంకో. వీళ్లతో ఒక్కటేనా?

ఛాంపియన్స్ లీగ్‌లో అయితే, 2004లో డెపోర్తీవో మీద సొంతగడ్డపై 4-1 గెలిచి, స్పెయిన్ వెళ్లి 4-0 ఓడారు. మరుసటి ఏడాది ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్‌తో ఫైనల్. హాఫ్‌టైమ్‌కి 3-0 లీడ్, తర్వాత ఆరు నిమిషాల్లో మూడు గోల్స్ ఇచ్చేశారు. జెరార్డ్, స్మైసర్, అలోన్సో. ఆ రాత్రి నేను ఏడ్చాను, ఆనందంతో. లివర్‌పూల్ వాడిగా ఆంచెలొట్టికి ఎంతో రుణపడి ఉన్నాను 😄

తెల్లజెర్సీ | ఉదయం 11:40

అదే లివర్‌పూల్‌ని 2007 ఏథెన్స్ ఫైనల్లో ఇంజాగీ రెండు గోల్స్‌తో 2-1 ఓడించాడు. 2022 పారిస్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ కోచ్‌గా 1-0. రుణం వడ్డీతో సహా వసూలైంది మధూ, ఖాతా క్లోజ్.

ఆఫ్‌సైడ్ అమ్మాయి | మధ్యాహ్నం 12:15

పచ్చగడ్డి, "ఈయన అంటే ఏంటి" అన్న ప్రశ్నకి నా జవాబు వేరు. మొదట్లో ఈయనకీ ఒక సిద్ధాంతం ఉండేది. చాలా గట్టి సిద్ధాంతం. అది వదిలేశాకే గొప్ప కోచ్ అయ్యాడు.

రిటైరయ్యాక సాక్కి దగ్గరే ఇటలీ జట్టుకి అసిస్టెంట్. 1994 వరల్డ్ కప్ ఫైనల్ దాకా వెళ్లి పెనాల్టీల్లో ఓడారు, బ్రెజిల్ చేతిలోనే. 1995లో సొంతంగా రెజ్జానా. రెండో డివిజన్. మొదట్లో పట్టికలో అట్టడుగున ఉండి, చివరికి పై డివిజన్‌కి వెళ్లింది. తర్వాత పార్మా. కుర్ర బుఫాన్, కన్నవారో, తురామ్, క్రెస్పో ఉన్న జట్టు. 1996-97లో యువెంటస్ కంటే రెండే పాయింట్లు వెనక, రెండో స్థానం.

ఇదంతా సాక్కి 4-4-2తోనే, అంటే నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు. తేడా రాకూడదు. జట్టులో జోలా ఉన్నాడు, నంబర్ 10, అంటే ఫార్వర్డ్‌ల వెనక ఉండి ఆట నడిపే ఆటగాడు. 4-4-2లో 10కి చోటు లేదు కాబట్టి అతన్ని పక్కకి నెట్టి వింగ్‌లో ఆడించాడు. జోలా అదే ఏడాది చెల్సీకి వెళ్లిపోయాడు, అక్కడ వాళ్లకి దేవుడయ్యాడు. 1997 వేసవిలో రొబెర్తో బాజియో పార్మాకి రావడానికి సిద్ధం. ఈయన వద్దన్నాడు. బాజియో తనని ఫార్వర్డ్‌ల వెనక ఆడించమంటాడు, నా పద్ధతిలో అది కుదరదు అని. బాజియో బొలోన్యా వెళ్లి ఆ సీజన్‌లో 22 లీగ్ గోల్స్ కొట్టాడు.

స్టార్లు దొరికారు అంటున్నారు. బాజియోనే దొరికితే వద్దన్న మనిషి ఇతను!

పచ్చగడ్డి | మధ్యాహ్నం 12:22

ఇది నాకు అస్సలు తెలీదు అక్కా. మరి ఎప్పుడు మారాడు?

ఆఫ్‌సైడ్ అమ్మాయి | మధ్యాహ్నం 12:48

యువెంటస్‌లో. 1999 ఫిబ్రవరిలో లిప్పి స్థానంలో వచ్చాడు. అక్కడ జిదాన్ ఉన్నాడు. జిదాన్‌ని లెఫ్ట్ వింగ్‌లో నిలబెట్టి "లైన్ పట్టుకో" అని చెప్పడం ఎవరివల్ల అవుతుంది? అందుకే జిదాన్ కోసం పద్ధతే మార్చాడు. ఇద్దరు ఫార్వర్డ్‌లు, వాళ్ల వెనక జిదాన్, కింద నలుగురు, ముగ్గురు డిఫెండర్లు. జిదాన్ వల్లే తన ఆలోచన మారిందని, బాజియోని వద్దనడం పొరపాటని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు.

ఫలితం మాత్రం రాలేదు. 2000లో చివరి రోజు పెరూజియాలో కుండపోత వాన. గ్రౌండ్ చెరువైంది. రిఫరీ కొలీనా గంటకి పైగా ఆట ఆపి, మళ్లీ ఆడించాడు. యువెంటస్ 1-0 ఓడింది, ఒక్క పాయింట్ తేడాతో లాజియో ఛాంపియన్. మరుసటి ఏడు రోమా కంటే రెండు పాయింట్లు తక్కువ. రెండుసార్లు రెండో స్థానం, ఉద్యోగం ఊడింది, మళ్లీ లిప్పి వచ్చాడు.

రిజర్వ్ బెంచ్ | మధ్యాహ్నం 12:55

పార్మాలో రెండో స్థానం, యువెలో రెండుసార్లు రెండో స్థానం. అప్పట్లో ఇటలీలో ఈయనకి "ఎప్పుడూ రెండోవాడే" అని ముద్ర పడిపోయింది. ఇప్పుడు కోచ్‌గా ఐదు ఛాంపియన్స్ లీగ్‌లు. ఆ ముద్ర వేసినవాళ్లు ఎక్కడున్నారో మరి.

శాన్‌సిరో సుబ్బు | మధ్యాహ్నం 2:10

భోజనం అయింది, బాస్ మీటింగ్‌లో ఉన్నాడు. ఇక మిలాన్.

2001 నవంబర్‌లో తెరీమ్‌ని తీసేసి ఇతన్ని తెచ్చారు. పిర్లో అప్పటికి ఫార్వర్డ్‌ల వెనక ఆడే కుర్రాడు. ఇంటర్‌లో నిలదొక్కుకోలేక వచ్చాడు. ఆ చోటులో రూయ్ కోస్టా ఉన్నాడు, తర్వాత కాకా వచ్చాడు. ఆంచెలొట్టి పిర్లోని డిఫెన్స్ ముందుకి దించాడు. పక్కన గట్టుసో కాపలా, ఇంకో పక్క సేడోర్ఫ్. నలుగురైదుగురు "10"లని ఒకే జట్టులో ఇమిడ్చాడు. నాలుగేళ్ల కిందట బాజియోకే చోటు లేదన్న మనిషి! పిర్లోకి ఆ స్థానం కనిపెట్టింది ఆంచెలొట్టే. ఇది ఫుట్‌బాల్ చరిత్ర.

ఆఫ్‌సైడ్ అమ్మాయి | మధ్యాహ్నం 2:17

సుబ్బు గారూ, ఒక్క నిమిషం. కనిపెట్టింది మజ్జోనే. 2001 మొదట్లో పిర్లో బ్రెషాకి లోన్ మీద వెళ్లినప్పుడు కార్లో మజ్జోనే వెనక ఆడించాడు. అక్కడ 10 చోటులో ఎవరున్నారో తెలుసుగా? బాజియో!

శాన్‌సిరో సుబ్బు | మధ్యాహ్నం 2:31

అమ్మా, బ్రెషాలో కొన్ని నెలలు ఆడించడం వేరు. మిలాన్ లాంటి చోట, ప్రతి వారం గెలవకపోతే కుర్చీ కదిలే చోట, ఆ పొజిషన్ మీద జట్టు మొత్తాన్ని కట్టడం వేరు. విత్తనం మజ్జోనేది, పంట మనది.

2003 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో. ఎదురుగా యువెంటస్, కోచ్ లిప్పి. తనని తీసేసి ఎవరిని కూర్చోబెట్టారో ఆ మనిషి! 0-0, పెనాల్టీలు, చివరి కిక్ షెవ్‌చెంకో. ఆటగాడిగా రెండు కప్‌లు గెలిపించిన క్లబ్‌కే కోచ్‌గా కప్ తెచ్చాడు.

మధూ, డెపోర్తీవో మ్యాచ్ గురించి నన్ను అడగకు. ఇప్పటికీ నిద్రలో వస్తుంది.

మర్సీసైడ్ మధు | మధ్యాహ్నం 3:02

సరే, మిలాన్ వదిలేద్దాం. చెల్సీలో మొదటి ఏడాది నిజంగా బ్రహ్మాండం. 2009-10లో లీగ్‌లో 103 గోల్స్, లీగ్ ప్లస్ ఎఫ్ఏ కప్, ఆ క్లబ్ చరిత్రలో తొలి డబుల్. ఒప్పుకున్నా. ప్యారిస్ సంగతేంటి? 2011 డిసెంబర్ చివర్లో వచ్చేసరికి పీఎస్‌జీ పట్టికలో పైన ఉంది. డబ్బు నీళ్లలా పోస్తున్నారు. ఆ ఏడాది లీగ్ గెలిచింది ఎవరు? మాంట్‌పెలియే! ఆ మరుసటి ఏడు గెలిచాడు లెండి, గెలవకపోతే వింత.

బయర్న్‌లో ఒక లీగ్ గెలిచి, రెండో సీజన్ సెప్టెంబర్‌కే పంపేశారు. ఆటగాళ్లు ప్రాక్టీస్ సరిపోవట్లేదన్నారని వార్తలు. నేపుల్స్‌లో ఇంకా ఘోరం, 2019 నవంబర్‌లో ట్రెయినింగ్ క్యాంపుకి వెళ్లమంటే ఆటగాళ్లే తిరగబడ్డారు. ఎవర్టన్‌లో పూర్తి సీజన్‌కి పదో స్థానం. స్టార్లు లేని చోట ఈయన మామూలు కోచే. ఇదే నా పాయింట్.

తెల్లజెర్సీ | మధ్యాహ్నం 3:25

ఎవర్టన్ గురించి లివర్‌పూల్ వాడు మాట్లాడితే ఎలా? 2021 ఫిబ్రవరిలో ఆన్‌ఫీల్డ్‌కి వచ్చి 2-0 కొట్టి వెళ్లాడు. అక్కడ ఎవర్టన్ గెలవడం 1999 తర్వాత అదే మొదలు. మర్చిపోయావా, మర్చిపోవాలనుకుంటున్నావా?

నేపుల్స్ క్యాంపు ఆర్డర్ వేసింది క్లబ్ యజమాని. ఆంచెలొట్టి ఆ నిర్ణయం తనకి నచ్చలేదని ముందే చెప్పాడు. తీసేసిన రోజు ఏం జరిగిందో తెలుసా? జెంక్ మీద 4-0 గెలిచి ఛాంపియన్స్ లీగ్ నాకౌట్‌కి వెళ్లారు. అదే రాత్రి తీసేశారు. చెల్సీ అయితే గుడిసన్ పార్క్‌లో సీజన్ చివరి మ్యాచ్ అయిన గంటల్లోనే, స్టేడియం దాటకముందే చెప్పేసింది. ఎనిమిదిన్నరేళ్ల తర్వాత అదే స్టేడియానికి ఎవర్టన్ కోచ్‌గా వచ్చాడు.

రిజర్వ్ బెంచ్ | మధ్యాహ్నం 3:28

ఇన్నిసార్లు ఉద్యోగం పోయినా మాజీ యజమానులు మళ్లీ ఫోన్ చేసే మనిషి ప్రపంచంలో ఈయనొక్కడే. మన దగ్గర హెచ్ఆర్ వాళ్లు "రీహైర్ ఎలిజిబుల్" అని టిక్ పెడతారే, అది.

ఆఫ్‌సైడ్ అమ్మాయి | సాయంత్రం 5:40

మధు అన్న లీగ్ పాయింట్‌లో బలం ఉంది. మిలాన్‌లో ఎనిమిది సీజన్లకి ఒక్కటి, అది తక్కువే. ప్రతి వారం ఒకే స్థాయిలో నడిపించే యంత్రం కాదు ఆయన జట్టు. కానీ "స్టార్లు ఉంటే చాలు" అన్నది మాత్రం ఒప్పుకోను. అదే మాడ్రిడ్‌లో ఆయనకి ముందు ఎంతమంది వచ్చారు? పదో ఛాంపియన్స్ లీగ్ కప్ కోసం 2002 నుంచి 2014 దాకా ఎదురుచూశారు. డబ్బుకి కొదవా, స్టార్లకి కొదవా?

2013-14లో ఏం చేశాడో చూడండి. బేల్ వచ్చాడు, రైట్ వింగ్‌లో డి మారియాకి చోటు పోయింది. ఏ కోచైనా బెంచ్ మీద కూర్చోబెడతాడు. ఈయన డి మారియాని మిడ్‌ఫీల్డ్‌లో ఎడమవైపుకి తెచ్చాడు, మోడ్రిచ్, అలోన్సోల పక్కన. వింగర్ పరుగు మిడ్‌ఫీల్డ్ నుంచి మొదలైతే ఎలా ఉంటుందో ఆ ఏడాది చూశాం. లిస్బన్ ఫైనల్ ఎక్స్‌ట్రా టైమ్‌లో అతని పరుగు నుంచే బేల్ గోల్ వచ్చింది.

పదేళ్ల తర్వాత మళ్లీ అదే. 2023లో బెంజెమా వెళ్లిపోయాడు, ఆ స్థాయి స్ట్రైకర్‌ని కొనలేదు. బెల్లింగమ్ మిడ్‌ఫీల్డర్‌గా వచ్చాడు. అతన్ని వినీసియస్, రొద్రీగోల వెనక వదిలేశాడు. లీగ్‌లో 19 గోల్స్. కోర్త్వా, మిలితావో, ఆలబా ముగ్గురూ మోకాలి గాయాలతో పడిపోయిన సీజన్ అది. లీగ్, ఛాంపియన్స్ లీగ్ రెండూ గెలిచారు.

జోలాని వింగ్‌లోకి నెట్టిన కోచ్‌కీ బెల్లింగమ్‌ని స్వేచ్ఛగా వదిలిన కోచ్‌కీ మధ్య ఉన్న దూరమే ఆంచెలొట్టి పద్ధతి. దానికి పేరు లేదు, అందుకే జనానికి కనపడదు.

మర్సీసైడ్ మధు | సాయంత్రం 6:02

బాగా రాశారు. అయినా 2022లో మాడ్రిడ్‌కి పీఎస్‌జీ మీద, చెల్సీ మీద, మాంచెస్టర్ సిటీ మీద వచ్చిన కమ్‌బ్యాక్‌లకి టాక్టిక్స్ పేరు పెట్టొద్దు. సిటీ మీద రొద్రీగో 90వ నిమిషంలో ఒకటి, వెంటనే ఇంకోటి. అది ఏ బోర్డు మీదా గీయలేరు.

తెల్లజెర్సీ | సాయంత్రం 6:10

ఆ రొద్రీగోని బెంచ్ మీది నుంచి దించింది ఎవరు స్వామీ? ఆ రాత్రి మోడ్రిచ్, క్రూస్, కాసెమీరోలని మ్యాచ్ చేజారుతున్న టైమ్‌లో బయటికి తీసేశాడు. పేర్లు చూసి భయపడే కోచ్ ఆ పని చేయడు.

శాన్‌సిరో సుబ్బు | రాత్రి 8:45

నేను ఆటగాడి దగ్గరే మళ్లీ ఆగుతాను. ఈయన్ని ఎక్కువగా తీర్చిదిద్దిన ఇద్దరు కోచ్‌లూ పూర్తిగా వేరు. లీడ్‌హోమ్ నెమ్మది, సాక్కి పట్టుదల. సాక్కి ట్రెయినింగ్‌లో బంతి లేకుండానే లైన్లు కదిలించేవాడు, రోజూ అదే. కోచ్‌గా మొదటి నాలుగైదేళ్లు ఈయన సాక్కి శిష్యుడు. ఆ తర్వాత డ్రెస్సింగ్ రూమ్‌లో లీడ్‌హోమ్ కనిపించడం మొదలైంది. డిఫెన్స్ గీతలు మాత్రం చివరిదాకా సాక్కివే.

ఇంకో సంగతి. రెండు మోకాళ్లు పోగొట్టుకుని ఫైనల్‌ని పక్కనుంచి చూసినవాడికి బెంచ్ మీద కూర్చున్న ఆటగాడి బాధ ఎవరూ చెప్పక్కర్లేదు. ఈయన జట్ల నుంచి బయటికొచ్చి తిట్టిన ఆటగాళ్లు ఎంత తక్కువో చూడండి. ఇబ్రహీమోవిచ్ లాంటివాడే పొగిడాడు!

మర్సీసైడ్ మధు | రాత్రి 9:01

మంచితనానికి ట్రోఫీ ఇవ్వరు అన్నా. మాడ్రిడ్‌లో 2024-25 సీజన్ చూశాంగా. ఆర్సెనల్ చేతిలో రెండు మ్యాచ్‌లూ ఓటమి. బార్సిలోనాతో నాలుగు ఆడితే నాలుగూ పోయాయి, 0-4, 2-5, 2-3, 3-4. ఎంబాపేని తెచ్చాక ఆ జట్టులో వెనక్కి పరిగెత్తేవాడే లేడు. క్రూస్ రిటైరయ్యాక మిడ్‌ఫీల్డ్‌లో బంతి నిలబెట్టే మనిషి లేడు, దానికి ఏడాది మొత్తంలో ఈయన దగ్గర జవాబు దొరకలేదు.

ఆఫ్‌సైడ్ అమ్మాయి | రాత్రి 9:15

ఇది న్యాయమైన విమర్శ. ఆటగాళ్లని బట్టి పద్ధతి మార్చే కోచ్‌కి ఉన్న ప్రమాదం ఇదే. ఆ ఆటగాళ్లు ఒకరికొకరు అతకనప్పుడు వెనక్కి వెళ్లి పట్టుకోవడానికి సొంత పద్ధతంటూ ఉండదు.

కొత్త జెర్సీ | రాత్రి 9:30

నేను ఈ చర్చకి కొత్త. మాడ్రిడ్‌లో 2025లో ఆయన స్థానంలో వచ్చిన చాబీ అలోన్సో ఆయన దగ్గర ఆడినవాడే కదా?

తెల్లజెర్సీ | రాత్రి 9:36

అవును, మాడ్రిడ్‌లోనూ బయర్న్‌లోనూ ఆడాడు. ఇస్తాంబుల్‌లో ఈయన గుండె పగలగొట్టిన మూడో గోల్ కూడా అలోన్సోదే! 2013-14లో అసిస్టెంట్‌గా జిదాన్ ఉన్నాడు, తర్వాత వరుసగా మూడు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచాడు. ఆటగాడి నుంచి కోచ్ అయినవాళ్ల లిస్ట్ తీస్తే సగం మంది ఈయన గదిలో కూర్చున్నవాళ్లే. పిర్లో, గట్టుసో, లాంపార్డ్, నెస్తా.

రిజర్వ్ బెంచ్ | రాత్రి 9:38

ఆ నలుగురూ కోచ్‌లుగా ఏం సాధించారో అడగకండి. చర్చ పొడవైపోతుంది.

మోడరేటర్ | రాత్రి 9:50

అలోన్సో గురించి వేరే టాపిక్ తెరవండి. ఇక్కడ ఆంచెలొట్టి వరకే.

పచ్చగడ్డి | రాత్రి 10:20

అందరికీ థ్యాంక్స్. 1989 నాటి 5-0 మ్యాచ్ హైలైట్స్ చూశాను. ఆ మొదటి గోల్ మామూలుగా లేదు సుబ్బు అన్నా! చివరి ప్రశ్న. బ్రెజిల్‌లో ఏం చేస్తాడు? క్లబ్‌లో అయితే రోజూ ఆటగాళ్లు కళ్ల ముందు ఉంటారు. ఇక్కడ నెలల తరబడి కనపడరు. మీరు చెప్పిన సర్దుబాటు అంతా ఎప్పుడు చేస్తాడు?

ఆఫ్‌సైడ్ అమ్మాయి | రాత్రి 10:52

అదే అసలు పరీక్ష. నేషనల్ టీమ్‌లో ఆయన పనిచేసింది సాక్కి కింద అసిస్టెంట్‌గానే. 2002 తర్వాత కప్ లేని దేశం, పైగా విదేశీ కోచ్ అంటే అక్కడ మాజీ ఆటగాళ్లకే నచ్చదు. కానీ మొదటి లిస్ట్ గమనించావా? అందరూ నెయ్‌మార్ పేరు ఉందా లేదా అని చూశారు, లేదు. నేను చూసింది కాసెమీరో పేరు. 2023 తర్వాత జట్టులోనే లేని మనిషిని వెనక్కి పిలిచి నేరుగా ఆడించాడు. రెండు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. నువ్వు కొట్టిన గోల్స్ లెక్కపెట్టావు, ఆయన ముందు అటువైపు నుంచి మొదలుపెట్టాడు.

మర్సీసైడ్ మధు | రాత్రి 11:05

కాసెమీరోకి 2026 వరల్డ్ కప్ నాటికి 34 ఏళ్లు.

శాన్‌సిరో సుబ్బు | రాత్రి 11:09

2007 ఏథెన్స్‌లో కప్ ఎత్తిన మాల్దీనీకి 38.